కోఠీ రెసిడెన్సీ: అధికార పీఠం నుండి విద్యాలయానికి

పాత బడి భవనాన్ని కూల్చి కొత్తది కట్టాలా, లేక దానిని బాగుచేసి పక్కన కొత్త గదులు వేయాలా? తిరువూరు వంటి పట్టణాలలో పాత సున్నపు గోడలున్న ఏ పాఠశాల యాజమాన్యానికైనా ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న ఇది. తెలుగు నేలపై ఇదే ప్రశ్న చాలా పెద్ద ఎత్తున తలెత్తిన చోటు హైదరాబాదులోని కోఠీ మహిళా కళాశాల. కనుక దాని చరిత్రను పరిశీలించడం ఉపయోగకరం.

ఆ భవనం చదువు కొరకు కట్టినది కాదు. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో నిర్మాణం చేపట్టాడు. మద్రాసు ఇంజనీర్లకు చెందిన శామ్యూల్ రస్సెల్ దానికి రూపకల్పన చేశాడు. ఎత్తయిన మెట్లు, వాటికి రెండు ప్రక్కల సింహాలు, పైన భారీ స్తంభాలు: ఇవన్నీ చూచేవారికి కంపెనీ బలాన్ని తెలియజెప్పడానికే. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో తిరుగుబాటుదారులు దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. అటువంటి చోటికి 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల వచ్చింది. సామాన్యుడు అడుగుపెట్టలేని దర్బారు మెట్లను పుస్తకాలు పట్టుకొని ఆడపిల్లలు ఎక్కసాగారు.

ఈ మార్పే భవనాన్ని కాపాడిందని వ్యాసకర్త అభిప్రాయం. వాడుక తప్పిన దేవిడీలు హైదరాబాదులో ఎన్నో నేలమట్టమైనాయి. అయితే దర్బారు కొరకు కట్టిన హాలు తరగతుల తాకిడికి ఎంతకాలం ఆగుతుంది? 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఈ భవనాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. భవనం శిథిలమవుతుండగా బోధన ప్రాంగణంలోని ఇతర భవనాలకు మారింది. సుదీర్ఘమైన మరమ్మతుల తరువాత 2023 జనవరిలో భవనాన్ని తిరిగి తెరిచారు. ఈలోగా 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది; 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. రెసిడెంటు కొలువుదీరిన చోటికి భూమికోసం పోరాడిన స్త్రీ పేరు!

చిన్న పాఠశాలలు ఇక్కడ గమనింపవలసినది ఖర్చును కాదు, పని విభజనను. కంప్యూటర్లు, ప్రయోగశాలలు, మరుగుదొడ్లు అన్నిటికీ తీగలు, గొట్టాలు కావాలి. వాటికోసం పాత గోడలు తొలచడం కన్న కొంత ఎడంగా కొత్త భాగం కట్టడం మేలు. పాత హాలును గ్రంథాలయానికో ప్రార్థనకూటానికో ఉంచుకోవచ్చు. తాళం వేసి ఉంచితే మాత్రం బడిలో అది పరాయి వస్తువే అవుతుంది.

మరమ్మతులలో సాధారణంగా జరిగే పొరపాటు సిమెంటు పూత. సున్నపు గోడ తేమను పీల్చి తిరిగి వదులుతుంది. సిమెంటు దానిని లోపలే బంధిస్తుంది. కొన్నేళ్ళకు పెచ్చులూడి ఇటుక పొడి రాలుతుంది. కాబట్టి కాంట్రాక్టరును పిలిచేముందు గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీ కొరకు వెదకాలి. అటువంటివారు ఇప్పుడు చాలా తక్కువ.