రుస్తాఖ్ ఊట దగ్గర తోడు

మస్కట్‌కు పడమటి దిక్కున, కొండల పక్కనున్న రుస్తాఖ్‌కి మనవాళ్ళు కోట చూడ్డానికి వెళ్తారు. 1624లో యారుబా వంశపు తొలి ఇమాం నాసిర్ బిన్ ముర్షిద్ ఎన్నికైన ఊరది. అక్కడి ఐన్ అల్ కస్ఫా వేడినీటి ఊటకి మాత్రం కీళ్ళవాతం, చర్మరోగాలు ఉన్నవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా వస్తున్నారు. ఆ గంధకపు నీళ్ళు జబ్బును ఎంత తగ్గిస్తాయో గానీ, అదే బాధ పడుతున్న మరో మనిషి పక్కనే దొరుకుతాడు.

హైదరాబాదులో అలాంటి తోడు తలసేమియా పిల్లల తల్లిదండ్రులు తామే కూడగట్టుకున్నారు. తలసేమియా మేజర్ ఉన్న బిడ్డకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి, జీవితాంతం రక్తం ఎక్కించాలి. దానితో ఒంట్లో పేరుకునే ఇనుముకి వేరే మందు! దాతలెక్కడ, మందెక్కడ అని ఒక్కో ఇల్లూ విడిగా తిరిగితే అయ్యే పని కాదు. డాక్టర్లతో కలిసి 1998లో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పెట్టుకున్నారు. ఒమాన్‌లోనూ ఈ రెండు రక్తవ్యాధులూ ఎక్కువే. అక్కడి తల్లుల ప్రశ్నలూ ఇవే.