క్రమానుగత కండరాల సడలింపు

క్రమానుగత కండరాల సడలింపు అంటే ఒంట్లోని కండరాల బిగువును గుర్తుపట్టి, ఒక్కో భాగాన్నే వరుసగా వదులు చేస్తూ ఆందోళనను అదుపులోకి తెచ్చుకునే పద్ధతి. అమెరికా వైద్యుడు, శరీరధర్మ శాస్త్రవేత్త ఎడ్మండ్ జాకబ్‌సన్ (1888–1983) దీన్ని రూపొందించాడు.

నేపథ్యం

శరీరంలో కలిగే మార్పులను అనుభూతి చెందడమే భావోద్వేగమని 1884లో విలియం జేమ్స్ ప్రతిపాదించాడు. మరుసటి ఏడు డెన్మార్క్‌కు చెందిన కార్ల్ లాంగే కూడా విడిగా ఇలాంటి వాదనే చేశాడు. ఒంట్లోని బిగువు తగ్గితే ఆందోళనా తగ్గవచ్చన్న ఆలోచనకు ఈ వాదన తావిస్తుంది. జేమ్స్ బోధించిన హార్వర్డ్‌లోనే 1908లో జాకబ్‌సన్ పరిశోధన మొదలైంది. ఒళ్లు బాగా వదులు చేసుకున్నవారు హఠాత్తుగా పెద్ద చప్పుడైనా అంతగా ఉలిక్కిపడటం లేదని అతడు గమనించాడు. తర్వాత షికాగోలో కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచాడు. చేయి వంచుతున్నట్టు ఊహించుకున్నా ఆ చేతి కండరాల్లో స్వల్పంగా విద్యుత్ చలనం కనిపించింది. 1929లో 'ప్రోగ్రెసివ్ రిలాక్సేషన్', 1934లో సామాన్య పాఠకుల కోసం 'యూ మస్ట్ రిలాక్స్' వెలువరించాడు.

తొలి పద్ధతి

జాకబ్‌సన్ పద్ధతిలో కండరాన్ని కొద్దిగా బిగించడం బిగువు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికే. ఆ తర్వాత చేయాల్సింది ఏమీ లేదు, వదిలేయడమే. వదులు కావాలని ప్రయత్నించడం కూడా బిగువేనని జాకబ్‌సన్ అనేవాడు. 'మీ ఒళ్లు తేలికవుతోంది' వంటి సూచనలకు అతడు దూరంగా ఉన్నాడు. ఈ శిక్షణకు నెలలు పట్టేవి.

తర్వాతి మార్పులు

దక్షిణాఫ్రికా మనోవైద్యుడు జోసెఫ్ వోల్పే ఈ శిక్షణను బాగా కుదించాడు. ఒళ్లు వదులుగా ఉన్నప్పుడు, భయపెట్టే సన్నివేశాలను చిన్నవాటితో మొదలుపెట్టి ఒక్కో మెట్టుగా ఊహింపజేసే చికిత్సలో దాన్ని వాడి, 1958 నాటి గ్రంథంలో వివరించాడు. 1973లో డగ్లస్ బెర్న్‌స్టైన్, థామస్ బోర్కొవెక్ 16 కండర సమూహాలతో శిక్షణ పుస్తకం రాశారు. గట్టిగా బిగించి ఒక్కసారిగా వదిలే ఈ రూపమే నేడు ఎక్కువగా ప్రచారంలో ఉంది. 1980లలో స్వీడన్‌కు చెందిన లార్స్-యోరాన్ ఓస్ట్, ఆందోళన తొలి లక్షణాన్ని పసిగట్టగానే అర నిమిషంలోపు ఒళ్లు వదులు చేసుకోవడం నేర్పే పద్ధతిని తీర్చిదిద్దాడు. పడుకుని చేసే సాధన దీంతో నిత్యజీవితంలోకి వచ్చింది.

పరిమితులు

సడలింపు అందరికీ ఒకేలా పనిచేయదు. అది కొందరిలో ఆందోళనను పెంచుతుందని ఫ్రెడరిక్ హైడ్, బోర్కొవెక్ 1983లో వెల్లడించారు. ఒంటిమీద పట్టు తప్పుతోందన్న భయం ఇందుకొక కారణం కావచ్చని భావిస్తారు.