గడ్డి కోసే మిషనూ, పుల్లరి పన్నూ

మన భాషలో గడ్డికి బొత్తిగా మర్యాద లేదు. లంచం పట్టేవాణ్ణి గడ్డి తింటున్నాడంటాం. కుర్రాడు దారి తప్పితే నాలుగు గడ్డి పెట్టమంటాం. ఎవణ్ణైనా తీసిపారెయ్యాలంటే గడ్డిపోచ అంటాం. అలాంటి గడ్డి కోసం మా పల్నాట్లో ఒకాయన ప్రాణం పోయింది. అదే గడ్డిని ఇక్కడ అమెరికాలో మనవాళ్ళు డబ్బు పోసి పెంచి, శనివారం పొద్దున్నే కోసి, సంచుల్లో నింపి చెత్తబండికి ఇస్తున్నారు. ఈ రెండిటికీ సంబంధమేవిటా అంటారా? ఉందండీ. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మిషను సంగతి. 1830లో ఇంగ్లండులో, గ్లోస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆ చుట్టుపక్కలన్నీ ఉన్ని మిల్లులు. బట్ట నేశాక పైకి లేచే నూగుని సమానంగా కత్తిరించటానికి అక్కడో యంత్రం ఉండేది. బట్ట మీద నూగుని కోసేది నేల మీద గడ్డిని ఎందుకు కొయ్యదూ అని ఆయనకి తోచింది. పెద్దమనుషులకి సరదాకి సరదా, వ్యాయామానికి వ్యాయామం అని పేటెంటులోనే రాసుకున్నాడు కూడా. ఇప్పుడు మనం కొనే, ఇంజను లేని, చేత్తో తోసే మూవరుకి తాత అదే. 190 ఏళ్ళు దాటినా లోపలి కిటుకు మారలేదు. చక్రాలు తిరిగితే వంకీ బ్లేడ్లున్న రీలు తిరుగుతుంది, కింద అడ్డంగా కదలకుండా ఒక కత్తి ఉంటుంది, ఆ రెండిటి మధ్యా గడ్డి కత్తెరలో పడ్డట్టు తెగుతుంది. పెట్రోలుతో నడిచే రోటరీ మూవరు అలా కాదు, ఒకే బ్లేడుని గిర్రున తిప్పి గడ్డిని కొట్టి తెంపుతుంది. రెండు రోజులకి కొసలు పాలిపోయి కనబడేది అందుకే.

కొనేవాళ్ళకి నాలుగు మాటలు. లాను చిన్నదీ చదునుదీ అయితేనే తోసేది కొనండి. వారం వారం కోసే ఓపిక లేకపోతే వద్దు, పొడుగ్గా పెరిగిన గడ్డి రీలు కింద వంగిపోతుంది గానీ తెగదు. వెడల్పు 14 అంగుళాల నించి 20 దాకా దొరుకుతాయి, వెడల్పు పెరిగేకొద్దీ తోసేవాడికి బరువు. మామూలు గడ్డికి 5 బ్లేడ్లు చాలు. టెక్సాస్ లాంటి చోట్ల బెర్ముడా గడ్డి ఉంటే 7 బ్లేడ్లది తీసుకోండి. ఈ బెర్ముడా మరేదో కాదు, మన గరికే! వినాయకుడి పూజకి తప్ప పనికిరాదని మనవాళ్ళు చేలల్లోంచి పీకి గట్టున పారేసే గరికని ఇక్కడ విత్తనాలు కొని మరీ చల్లుతారు. సెయింట్ అగస్టీన్ గడ్డి మాత్రం మూడంగుళాల ఎత్తున ఉంచాలి. అంత ఎత్తుకి లేవని రీలు మూవరు దానికి పనికిరాదు.

ఇక మెయింటెనెన్సు. రీలుకీ కింది కత్తికీ మధ్య ఒక కాయితం పెట్టి చేత్తో తిప్పండి (వేళ్ళు జాగ్రత్త). శుభ్రంగా తెగితే సరే, నలిగిపోతే రెండువైపులా ఉన్న స్క్రూలు సమానంగా, కొంచెం కొంచెంగా బిగించండి. బ్లేడ్లు మొద్దుబారితే వాటికి గరుకు పేస్టు రాసి రీలుని వెనక్కి తిప్పితే మళ్ళీ పదునెక్కుతుంది. మనూళ్ళో కొడవలికి కమ్మరి దగ్గర కక్కు కొట్టించినట్టే, ఏడాదికోసారి చాలు. కోశాక తడి తుడిచి, నాలుగు చుక్కలు నూనె వేసి గోడవార పెట్టండి. అంతే.

సరే, మరి బడ్డింగ్‌కి ముందు పచ్చికని ఎవరు కోసేవాళ్ళు? పొడుగు పిడి కొడవళ్ళతో కూలీలు కోసేవాళ్ళు. కాదంటే గొర్రెలు మేసేవి. అసలు పాయింటు ఇక్కడుంది. లాను అంటే పశువుని తోలేసిన బీడు. పశువు పోయింది కాబట్టి మిషను కావలసొచ్చింది. ఆ పశువు ఎలా పోయిందో కూడా ఇంగ్లండు చరిత్రలో ఉంది. 1604 నించి 1914 దాకా అక్కడి పార్లమెంటు 5 వేలకి పైగా చట్టాలు చేసి, సుమారు 68 లక్షల ఎకరాల భూములకి కంచెలు వేయించింది. అందులో ఊరంతా కలిసి మేపుకున్న బీళ్ళు బోలెడు. ఊరిది కాస్తా ఒకరిదైంది. పెద్ద బంగళాల ముందు పచ్చిక పరిచిందీ, బీదవాడి ఆవుకి మేత లేకుండా పోయిందీ ఆ రోజుల్లోనే.

అదే ఆలోచన సముద్రం దాటి మన దగ్గరికి 1882లో వచ్చింది, మద్రాసు అటవీ చట్టం పేరుతో. ఇక్కడ కంచె బదులు 'రిజర్వు' అన్నారు. పల్నాడు మెట్ట ప్రాంతం. సాగర్ కుడి కాలవకి 1967లో నీళ్ళొదిలే దాకా వానే దిక్కు. రాతి నేల, జొన్న చేలు, పక్కన నల్లమల. పంట పోయిన ఏడాది మనిషిని నిలబెట్టేది గొడ్డూ గోదా, వాటిని నిలబెట్టేది అడవిలో మేత. ఆ మేతకి కట్టాల్సిన పన్నే పుల్లరి. అరి అంటే పన్ను. నిజం చెప్పాలంటే పుల్లరి తెల్లవాడు కనిపెట్టింది కాదు, కాకతీయుల కాలంలోనూ ఉంది. కొత్తగా వచ్చింది ఏవిటంటే అడవి మొత్తం సర్కారుదని రాసుకోవటం, పర్మిట్లు, ఫారెస్టు వాళ్ళ పెత్తనం, పశువుల్ని పట్టుకుపోయి బందెలదొడ్లో కట్టెయ్యటం.

1921లో సహాయ నిరాకరణ ఊపులో పల్నాడు రైతులు పుల్లరి కట్టమన్నారు. ఫారెస్టు ఉద్యోగుల్ని వెలివేశారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు గుంటూరు నించి వచ్చి ఈ ఉద్యమంలో జైలుకెళ్ళారు. 'మాలపల్లి' నవల ఆ జైల్లో రాసిందే. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు జనాన్ని కూడగట్టి నిలబడ్డాడు. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఇక్కడ మనసు చివుక్కుమనే సంగతి ఒకటుంది. చౌరీచౌరా తర్వాత, అదే ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెసు సహాయ నిరాకరణని ఆపేసింది. హనుమంతు పోయింది ఆ తర్వాత! దేశం వెనక్కి తగ్గాక కూడా పల్నాట్లో తుపాకీ పేలింది. ఎందుకంటే హనుమంతుది స్వరాజ్యం గొడవ ఒక్కటే కాదు, రేపు పొద్దున గొడ్డు ఏం తినాలన్న గొడవ. దాన్ని ఏ తీర్మానమూ ఆపలేదు.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2005లో నాసా ఉపగ్రహ చిత్రాలతో వేసిన లెక్క ప్రకారం అమెరికాలో లాన్ల విస్తీర్ణం దాదాపు 1,28,000 చదరపు కిలోమీటర్లు. అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగింట మూడొంతుల పైనే. అంత నేలలో ఒక్క గొడ్డు మెయ్యదు. మనూళ్ళలో వ్యవహారం ఇంకోరకం. గడ్డికి పన్ను లేదు, గడ్డి పెరిగే చోటే మిగలటం లేదు. మేత పోరంబోకులు ముక్కలు ముక్కలుగా ఎవరెవరి చేతుల్లోకో పోతున్నాయి. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించటానికి పథకాలు తయారుచెయ్యమని 2011 జనవరిలో సుప్రీం కోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఊరికి వెళ్ళినప్పుడు మీ ఊరి పోరంబోకు ఎంత ఉండేదో, ఇప్పుడెంత ఉందో పెద్దవాళ్ళని ఒకసారి అడిగి చూడండి.

లాను తీసి పారెయ్యమని నేను చెప్పను. హోం ఓనర్స్ అసోసియేషన్ వాళ్ళు ఊరుకోరు, నాకు తెలుసు. మిషను కొనుక్కోండి, పదును పెట్టుకోండి. కోసిన గడ్డిని మాత్రం సంచుల్లో కట్టి పారెయ్యకండి, అక్కడే రాలనివ్వండి, నేలకి ఎరువవుతుంది. మీ పిల్లలు మూవరు తోస్తానని సరదాపడితే, తోశాక కూర్చోబెట్టి మించాలపాడు కథ చెప్పండి. గడ్డికి ఖరీదెంతో వాళ్ళకి ఇంకెక్కడా చెప్పరు.