ఆట దగ్గరైతేనే పెరుగుతుంది

రోబోల పోటీ అనగానే మనకి పెద్ద స్టేడియం, కెమెరాలు గుర్తొస్తాయి. నిజానికి అమెరికాలో ఫస్ట్ అనే సంస్థ 1992లో తొలి పోటీ పెట్టింది ఒక హైస్కూలు జిమ్‌లో, 28 జట్లతో. జట్లు పెరిగాక రీజినల్స్ వచ్చాయి, ఖర్చూ పెరిగింది. వారాలపాటు కష్టపడి రోబో చేసి, ఒక్క వారాంతంలో ఓడితే ఇంటికే! 2009లో మిషిగన్ వాళ్ళు పద్ధతి మార్చారు. ఒకే ఫీజుకి రెండు పోటీలు, దగ్గర్లోని స్కూలు జిమ్ముల్లో. రెండిట్లో వచ్చిన పాయింట్లు కలిపి రాష్ట్ర పోటీకి ఎంపిక. మన భాషలో చెప్పాలంటే, ఒకే సర్వర్ మీదున్న లోడుని పంచేశారన్నమాట.

మరి మన దగ్గర? కాలేజీ విద్యార్థుల కోసం 2002లో టోక్యోలో మొదలైన ఏబీయూ రోబోకాన్‌కి 2008, 2014లలో పుణె ఆతిథ్యమిచ్చింది. జాతీయ పోటీలు కూడా చాలా ఏళ్ళు అక్కడే, తరవాత ఢిల్లీలో. సీమ కుర్రాళ్ళు రోబోని విప్పి, పెట్టెల్లో సర్దుకుని రైలెక్కాల్సిందే.

రేణిగుంట, శ్రీకాళహస్తిల మధ్యనున్న ఏర్పేడులో ఇప్పుడు ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి. రెండూ 2015లో మొదలైనవే. చిత్తూరు, కడప, నెల్లూరు జట్లకి దగ్గర. అడిగేది స్టేడియం కాదు... ఒక హాలు, రెండు శనివారాలు, అందరికీ అర్థమయ్యే పాయింట్ల లెక్క. హాలు వాళ్ళిస్తే, రిఫరీలుగా, స్కోరింగు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళుగా మనం వెళ్ళలేమా? ఏమంటారు?