మెరుగు వేరు, మైనము వేరు

వేసవి వచ్చినదనగా రేడియోలో ప్రాంతీయ వార్తలు వినువారికి రెంటచింతల పేరు తప్పక వినబడును. గురజాలకును మాచర్లకును నడుమనున్న ఆ చిన్న ఊరు తన ఎండ వలననే రాష్ట్రమంతటను ప్రసిద్ధి కెక్కినది. 46 డిగ్రీలనియు, 47 డిగ్రీలనియు వార్తలలో చెప్పునది నీడలో కొలిచిన వేడి మాత్రమే. ఆరుబయట నిలిపిన కారు పైకప్పు మాట వేరు. ముదురు రంగు పూసిన రేకు మిట్టమధ్యాహ్నపు టెండలో 70 డిగ్రీలు దాటుట వింత కాదు. ఆ రేకు మీది రంగు ఎట్లు నిలుచుచున్నది? దాని మెరుపును మనుష్యుడు ఎట్లు కాపాడుకొనుచున్నాడు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకబోయిన మేము, కారు పుట్టుటకు వేల యేండ్ల వెనుకకు పోవలసి వచ్చినది.

పల్నాటిలో మెరుగు పెట్టు విద్య మిక్కిలి ప్రాచీనమైనది. నాగార్జునసాగరపు నీటిలో మునుగనున్న లోయలో 1954 మొదలు 1960 వరకు విస్తారముగా త్రవ్వకములు జరిగినవి. ఇక్ష్వాకుల విజయపురి మాత్రమే కాక, అంతకు ఎన్నో వందల యేండ్ల ముందటి నవీన శిలాయుగపు జనుల జాడలును అక్కడ బయటపడినవి. ఆ కాలపువారు రాతి గొడ్డలిని చెక్కి ఊరకొనలేదు. ఇసుకయు నీరును చేర్చి, మరియొక రాతిపై నూరి నూరి నునుపు చేసిరి. అది అందము కొరకు మాత్రమే చేసిన పని కాదు. నున్నని అంచు కొయ్యలో తేలికగా దిగును, త్వరగా పెచ్చు లేవదు. ఇచ్చట గమనింపదగిన దేమనగా, ఆ గొడ్డలికి పైనుండి ఏమియు పూయలేదు. దాని నుండి కొంత తీసివేసిరి, అంతే. గరుకైన తలముపై పడిన వెలుతురు నలుదిక్కులకు చెదరును. గరుకును అరగదీసినచో ఆ వెలుతురే ఒక్క దిక్కునకు మరలి మన కంటికి మెరుపై తోచును.

మన ఇండ్లలో ఇత్తడి చెంబును చింతపండుతో తోముటయు ఈ కోవలోనిదే. పులుపు చిలుమును కరగించును, బూడిద అరగదీయును. తోమిన చెంబు తళతళలాడును గాని, దానికి రక్ష ఏమియు లేదు గనుక నాలుగు దినములలో మరల నల్లబడును. మరల తోముదుము. అమ్మమ్మల నాటి చెంబులు పలుచబడుట ఎందువలననో వేరుగ చెప్ప నక్కరలేదు.

గచ్చు పనిది మరియొక దారి. పల్నాడంతయు సున్నపురాతి సీమ. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పేరు ఎరుగనివారు అరుదు. వెనుకటి మేస్త్రీలు సున్నమును గానుగలో నూరించి, కరక్కాయ నీరును బెల్లమును కలిపి గోడకు మెత్తి, పైపూతను నున్నని గులకరాతితో గంటల తరబడి రుద్దెడివారు. ఆ రాపిడి తీసివేయుటకు కాదు, అదుముటకు. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయిగా మారుచుండగా, మేస్త్రీ దాని రంధ్రములను మూసివేయును. అట్టి గోడలో ముఖము కనబడునని పెద్దలు చెప్పెడి మాట అతిశయోక్తి కాదు.

ఇక కారు సంగతి. తొలి కార్లకు గుఱ్ఱపు బండ్ల రంగులనే వేసిరి. అవిసె నూనెతో చేసిన వార్నిషును పొర మీద పొరగా పూయుదురు. ప్రతి పొర ఆరవలెను, దానిని నూరవలెను. ఒక్క బండి రంగుకు వారములు పట్టెడిది. ఫోర్డు కంపెనీవారి మోడల్ టి కారు 1914 నుండి 1925 వరకు నల్లరంగులోనే వచ్చుటకు, ఆ నల్లని పూత త్వరగా ఆరుటయు ఒక కారణమని చెప్పుదురు. 1923 ప్రాంతమున అమెరికాలో డూపాంటు కంపెనీ డ్యూకో అను క్రొత్త రంగును తెచ్చినది. మరుసటి యేటి ఓక్లాండు కార్లు దానితో నీలిరంగున మెరసినవి. వారముల పని గంటలకు దిగినది. ఆ రంగునకు మూలద్రవ్యము నైట్రో సెల్యులోజు. అనగా, పత్తిగింజను అంటుకొనియుండు పొట్టి నూగును నత్రికామ్లముతో మార్చి చేసిన పదార్థము. పత్తి పండించు పల్నాటి రైతునకు ఈ సంగతి సంతోషము కలిగింపవచ్చును.

అయితే ఆ రంగునకు ఒక బలహీనత కలదు. ఎండకు దాని పైపొర చచ్చి, సుద్దవలె తెల్లబారును. అందుచేత అప్పుడప్పుడు రబ్బింగు కాంపౌండుతో రుద్ది చచ్చిన పొరను తీసివేసి, అడుగునున్న సజీవమైన రంగును బయటికి తేవలసి వచ్చెడిది.

మా యింట చాలకాలము ఒక పాత అంబాసిడరు ఉండెడిది. ఏటేట కోటప్పకొండ తిరునాళ్లకు ముందు దానికి మెరుగు పెట్టుట మాకొక వ్రతము. ప్రభలు వెళ్లు దారిలో మన బండి వెలవెలబోవరాదని పట్టుదల. గుడ్డకు అంటిన రంగును చూచి, మురికి ఎంత వదలినదోయని మురిసెడివారము. అది మురికి కాదు, మా కారు రంగే. ఏడవ యేడో ఎనిమిదవ యేడో తలుపు అంచులలోను, బానెట్టు మడతల మీదను బూడిదరంగు ప్రైమరు పూత తొంగిచూచినది. రంగు మొదట అరుగునది అంచులలోనే. తప్పు ఎండ మీద త్రోసి కొన్నాళ్లు గడపితిమి గాని, తప్పు మాదే. తీసివేయుట తెలిసినది, కప్పుట తెలియలేదు. మరల రంగు వేయించుటకు అయిన వ్యయము ఆ యేటి మిరప రాబడిలో మంచి భాగమును మ్రింగినది.

ఇప్పటి కార్ల రంగు వేరు. 1980 తరువాత వ్యాప్తిలోనికి వచ్చిన పద్ధతిలో రంగు అడుగున ఉండును, దాని మీద రంగులేని పారదర్శకమైన పొర ఉండును. ఆ పొర మందము సుమారు 40 లేక 50 మైక్రానులు, తలవెంట్రుక కంటె పలుచన. మెరుగు పెట్టిన ప్రతిసారి అందులో కొంత పోవును. పాత కారుకు గుడ్డకు రంగు అంటుట సహజము. క్రొత్త కారుకు అట్లు అంటినచో, ఆ పారదర్శకపు పొర అరిగిపోయినదని అనుమానింపవలెను.

మైనము చేయు పని దీనికి పూర్తిగా వేరు. తామరాకుపై నీటిబొట్టు నిలువక జారుట మనకు సామెత. ఆ జారుటకు కారణము ఆకు మీది అతి సూక్ష్మమైన మైనపు నూగు. కారు మీద మైనము సన్నని గీతలను పూడ్చి, నీటిని బొట్టులుగా జార్చును. పిట్టల రెట్టయు ఎండయు తాకునప్పుడు మొదట తాను దెబ్బతిని రంగును కాచును. కనుక అది అరుగుట దోషము కాదు, అది దాని ధర్మము. కొన్ని వారములకో, రెండు నెలలకో మరల పూయవలెను.

ఏ మైనమైనను సరిపోవునా? తేనెపట్టు మైనము 62 నుండి 64 డిగ్రీలకే కరగును. రెంటచింతల మధ్యాహ్నమున అది రేకు మీద మెత్తబడి, దుమ్మును పట్టుకొని కూర్చుండును. బ్రెజిలు దేశపు ఈశాన్యభాగమున ఎండలు మండు పొడి నేలలలో పెరుగు ఒక తాటిజాతి చెట్టు, నీరు ఆవిరి కాకుండ తన ఆకులపై తానే మైనమును స్రవించుకొనును. దానిని కార్నూబా మైనమందురు. అది కరగుటకు 82 మొదలు 86 డిగ్రీలు కావలెను. ఎండను తాళుటకు ఒక చెట్టు చేసికొన్న ఏర్పాటు మరియొక ఎండసీమలో కారు పైకప్పునకు గొడుగైనది. నేడు కృత్రిమమైన పూతలును, సిలికా పూతలును వచ్చినవి. అవి ఎక్కువకాలము నిలుచును గాని, చేయు పని ఈ జాతిదే.

పల్నాటివారు జాగ్రత్తపడవలసినవి దుమ్ము, నీరు. సున్నపురాతి దుమ్ము మెత్తనిది. కాఠిన్యపు కొలతలో దానిది 3, ఇసుకది 7. రోడ్డు దుమ్ములో రెండును కలసియుండును గనుక, పొడిగుడ్డతో తుడుచుట ఇసుకతో గీయుటయే. నీరు ధారగా పోసి దుమ్మును జారనిచ్చిన తరువాతనే గుడ్డ తాకవలెను.

ఆ నీరైనను ఇచ్చటి బోరునీరు. సున్నపురాతి పొరలలో నుండి వచ్చినది గనుక కారు మీద ఎండలో ఆరిన బొట్టు బొట్టునకు తెల్లని మచ్చ మిగులును. కడిగిన కారును నీడలో నిలిపి వెంటనే తడి ఒత్తవలెను. ఎండిన మచ్చకు నీళ్లు కలిపిన వెనిగరు మందు. పులుపు ఆ సున్నమును కరగించును. కాని మన ముంగిళ్లలో పరచినవి నాపరాతి బండలు, అవియు సున్నపురాయే. కారు మీదినుండి కారిన వెనిగరు బండపై పడినచోట దాని నునుపు పోయి, వెల్లబారిన చారలు నిలిచిపోవును. మా ముంగిట అట్టి చారలు రెండు ఇప్పటికిని ఉన్నవి.