తూటా దొరికితే తల పోయినట్టే

1918 సెప్టెంబరు 19న జర్మనీ ప్రభుత్వం స్విట్జర్లాండ్ చేతుల మీదుగా అమెరికాకు ఒక నిరసన పత్రం పంపింది. మీవాళ్లు కందకాల్లో షాట్‌గన్‌లు వాడుతున్నారు, అది యుద్ధ నియమాలకు విరుద్ధం, ఇకపై ఆ తుపాకీ గానీ దాని తూటాలు గానీ దగ్గరుండగా మాకు చిక్కిన ఖైదీ ఎవడైనా ప్రాణం మీద ఆశ వదులుకోవాల్సిందే అన్నది దాని సారాంశం. తుపాకీ ఉండక్కర్లేదు, జేబులో ఒక్క తూటా ఉన్నా చాలు. మొదటి ప్రపంచయుద్ధం పేరెత్తితే ట్యాంకులూ విషవాయువులూ గుర్తొస్తాయి గానీ, ఈ తేదీని తలుచుకునేవాళ్లు తక్కువ. ఆదివారం అనుబంధాలకు వార్షికోత్సవాలు కావాలి కాబట్టి ఆ వంతు దీనికిద్దాం. పంప్ యాక్షన్ షాట్‌గన్ ఎలా పుట్టిందో చాలామంది రాశారు. అది ఖాళీ అయ్యాక నింపాల్సిన తూటాలను మనిషి ఎక్కడ మోశాడన్నది నాకు అంతకంటే ఇష్టమైన కథ.

ఖాండవ దహనం వేళ అర్జునుడికి అక్షయ తూణీరాలు దక్కాయి. ఆ అదృష్టం తర్వాత ఏ యోధుడికీ పట్టలేదు. 17వ శతాబ్దపు ఐరోపా తుపాకీ సిపాయి భుజం మీదుగా వేసుకున్న పట్టీకి చిన్న చిన్న చెక్క బుర్రలు వేలాడేవి. ఒక్కో దాంట్లో ఒక్కో దెబ్బకు సరిపడా మందు. తరచూ పన్నెండు ఉండేవి గనుక వాటికి పన్నెండుమంది అపొస్తలులని పేరొచ్చింది. నడిస్తే గలగలలాడేవి, చేతిలోని నిప్పువత్తి తగిలితే అంటుకునేవి. వాటి తర్వాత కాగితపు పొట్లాలు వచ్చాయి. 1830లలో పారిస్‌లో లెఫోషే అనే తుపాకుల పనివాడు మందూ గుళ్లూ నిప్పూ అన్నీ ఒకే తూటాలో ఇమిడే పద్ధతికి దారి వేశాడు. అప్పటి నుంచి తూటా జేబులో పెట్టుకోదగ్గ వస్తువైంది.

అమెరికా అంతర్యుద్ధంలో క్రిస్టఫర్ స్పెన్సర్ ఏడు తూటాల రైఫిల్ తెచ్చాడు. అది ఎంత చురుగ్గా కాల్చేదంటే, దాన్ని మేపడం కోసమే బ్లేక్స్‌లీ అనే ఆయన ఒక పెట్టె కనిపెట్టాల్సి వచ్చింది. అందులో ఏడేసి తూటాలు నింపిన రేకు గొట్టాలు ఉండేవి. గొట్టం తీసి తుపాకీ మడమలో ఒంపేస్తే పని అయిపోయేది. ఆన్సన్ మిల్స్ అనే సైనికాధికారిది ఇంకో తలనొప్పి. తోలు బెల్టుల్లో దోపిన తూటాలు చిలుము పట్టి అతుక్కుపోయేవి, అవసరానికి ఊడి వచ్చేవి కావు. ఆయన తూటాల అరలతో సహా ఏకంగా నేసిన నూలు బెల్టు తయారు చేయించి బాగా సంపాదించాడు. స్పెన్సర్ ఊరుకోలేదు. 1880లలో రోపర్ అనే ఆయనతో కలిసి బాగా పనిచేసే తొలి పంప్ షాట్‌గన్ కూడా ఆయనే తెచ్చాడు. పంప్ తుపాకీకి తండ్రి వరసయ్యే మనిషే అంతకు ఇరవై ఏళ్ల ముందు తూటాల పెట్టె అవసరాన్ని సృష్టించాడు. విధి అంటే ఇలాగే ఉంటుంది.

జాన్ బ్రౌనింగ్ గీసిన వించెస్టర్ 1897 మోడల్‌తో పంప్ తుపాకీ కుదురుకుంది. ముందున్న పిడిని వెనక్కి లాగితే ఖాళీ తూటా బయటికి ఎగురుతుంది, ముందుకు తోస్తే కొత్తది కాల్పుల గదిలోకి వెళుతుంది. బ్యారెల్ కింది తూటాల గొట్టంలో అయిదు, గదిలో ఒకటి, మొత్తం ఆరు. దాని సుగుణమే దాని లోపం కూడా. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని పిడి ఆడిస్తే చాలు, ఆడించినప్పుడల్లా పేలుతుంది. యుద్ధపు తూటాలో 8 మిల్లీమీటర్ల పైచిలుకు గుళ్లు తొమ్మిదేసి ఉండేవి. అంటే కొన్ని సెకన్లలో 54 గుళ్లు ఎదుటి కందకాన్ని తుడిచేస్తాయి. ఆ మరుక్షణం అది ఉత్త కర్ర. ఎదురుగా ఉన్న జర్మన్ సైనికుడు మౌజర్‌లోకి అయిదు తూటాలను ఒక్క బొటనవేలి తోపుతో దించగలడు. షాట్‌గన్ వాడు మాత్రం అడుగు భాగపు కంతలోంచి ఒక్కొక్కటే గొట్టంలోకి తోయాలి. చీకట్లో, బురద చేతులతో, వంగి కూర్చుని.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక ఈ తుపాకీ బ్యారెల్‌ను పొట్టిగా కోసి, చేయి కాలకుండా కంతల రేకు తొడిగి, బాయినెట్ తగిలించి ఫ్రాన్స్‌కు పంపారు. దాంతోపాటు భుజానికి తగిలించుకునే కాన్వాసు సంచి ఇచ్చారు. అందులో 32 తూటాలకు అరలు. నిండా నింపితే సుమారు కిలోన్నర. కాగితం మీద ఏర్పాటు బాగానే ఉంది. చిక్కంతా కాగితంతోనే వచ్చింది. ఆనాటి తూటా ఒంటికి మైనం పూసిన అట్ట, అడుగున మాత్రం ఇత్తడి. కాన్వాసు నీళ్లు పీల్చింది, అట్ట ఆ నీళ్లు తాగి ఉబ్బింది. ఉబ్బిన తూటా గొట్టంలో దూరదు. దూరినా గదిలో ఇరుక్కుని ఒక పట్టాన రాదు. వేటగాడైతే ఇంటికెళ్లి ఎండబెట్టుకుంటాడు, కందకంలో ఎండెక్కడిది? చివరికి సైన్యం నిలువెల్లా ఇత్తడితో చేసిన తూటాలు పురమాయించింది. యుద్ధం ముగిసేలోగా ముందు వరసకు చేరినవి అంతంతమాత్రం.

ఇలాంటి తుపాకీతో 1918 జులైలో లొరేన్‌లోని బకారా దగ్గర అమెరికా 77వ డివిజన్ సైనికుడొకడు, సెప్టెంబరులో 5వ డివిజన్ వాడు మరొకడు జర్మన్లకు చిక్కారు. వెంటనే బెర్లిన్‌కు హేగ్ ఒప్పందం గుర్తొచ్చింది. అనవసరమైన బాధ కలిగించే ఆయుధాలు వాడరాదనే నిబంధన పట్టుకుని నిరసన పత్రం రాసింది. ఈప్ర్ దగ్గర 1915 ఏప్రిల్‌లో క్లోరిన్ వాయువు వదిలిన సైన్యం నుంచి ఈ మాట రావడం చూస్తే గురివింద గింజ సామెత గుర్తుకు రాక మానదు. అమెరికా సైనిక న్యాయాధికారి ఆన్సెల్ వారంలోనే జవాబు సిద్ధం చేశాడు. ఒకేసారి అనేకమందిని ఆపడానికే ఈ తుపాకీ, ష్రాప్నెల్ గుండ్లకూ మెషిన్‌గన్‌కూ లేని అభ్యంతరం దీనికెందుకని వాదించాడు. విదేశాంగ మంత్రి లాన్సింగ్ ఆ నెలాఖరులో గట్టిగా బదులిచ్చాడు. షాట్‌గన్ చట్టబద్ధమే, ఒక్క ఖైదీ విషయంలో బెదిరింపు నిజమైనా తగిన ప్రతీకారం తప్పదన్నాడు. ఆరు వారాలు తిరిగేసరికి నవంబరు 11న యుద్ధమే ఆగిపోయింది. ఆ నేరానికి ఎవరి తలా తీసిన దాఖలా లేదు.

నాకు ముచ్చటేసేది ఈ రెండు గోడుల మధ్య దూరం. బెర్లిన్, వాషింగ్టన్‌లలో పెద్దమనుషులు ఆ తూటా ఎంత క్రూరమో తర్కించుకుంటున్నారు. కందకంలో దాన్ని మోస్తున్న కుర్రాడి బెంగ వేరు: అసలది పేలుతుందా? మోస్తే తల తీస్తామని శత్రువు అంటున్నాడు, మోసినా అక్కరకు వస్తుందన్న హామీ సొంత సైన్యం ఇవ్వలేకపోతోంది.

ఇక్కడిదాకా కథ వరసగా నడిచింది. తర్వాత దారి చీలిపోతుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఇత్తడి తూటాలు మళ్లీ వచ్చాయి, సంచి 12 తూటాలకు కుదించుకుపోయింది. 1950లో రెమింగ్టన్ 870 వచ్చింది. 1960లో ప్లాస్టిక్ తూటా రావడంతో ఉబ్బే రోగం కుదిరింది. తడి భయం పోగానే తూటాలు సంచి దిగి తుపాకీ మీదికే ఎక్కాయి. మడమకు సాగే పట్టీ, పక్క రేకు మీద ప్లాస్టిక్ అరలు, గొట్టానికి అతుకు గొట్టం, మడమ లోపలే దాపు. ప్రతి అరా తుపాకీ బరువు పెంచింది. 1986లో మయామీ కాల్పుల్లో ఎడమ చేయి ఛిద్రమైన ఎఫ్‌బీఐ ఏజెంట్ మిరెలెస్ ఒంటిచేత్తో 870ని అయిదుసార్లు ఆడించి కాల్చాడు. ఆ తర్వాత రివాల్వర్ తీశాడు. రెండో చేయి లేకపోతే పక్కన ఎన్ని తూటాలు వేలాడినా ఏం లాభం? 1997 నార్త్ హాలీవుడ్ బ్యాంకు దోపిడీ తర్వాత అమెరికా పోలీసులు రైఫిళ్ల వైపు మళ్లారు. 2018లో మాస్‌బర్గ్ కంపెనీ 20 తూటాలు పట్టే పెట్టెను కూడా పంప్ తుపాకీకి తగిలించింది. అక్షయ తూణీరం మీద మోజు ఇంకా తీరలేదన్నమాట.

మన దగ్గర జమీందార్ల వేట ఫొటోల్లో రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకీ కనిపిస్తుంది, పంప్ కనపడడం అరుదు. నడుముకు తూటాల బెల్టు అనే సోకు తెలుగువాళ్లకు వెండితెర మీంచి అబ్బింది, 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో. పంప్ తుపాకీ మాట మనవాళ్ల చెవిన గట్టిగా పడింది మాత్రం 2010 నుంచి కశ్మీర్‌లో వాడిన పెల్లెట్ గన్‌ల మూలంగా. వాటి గుళ్లకు కళ్లు పోయినవాళ్ల కథలు చదివితే, అనవసరమైన బాధ అన్న 1918 నాటి ఫిర్యాదును గురివింద సామెతతో కొట్టిపారేయలేం.

ఇక ఎన్ని తూటాలు మోయాలన్న పాత ప్రశ్నకు బ్రౌనింగ్ చెప్పలేని జవాబు మన 1959 ఆయుధాల చట్టం కింద ఏనాడో దొరికింది. ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనుక్కోవచ్చో లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉంటుంది. అతుకు గొట్టాలూ పక్క అరలూ ఎన్ని తగిలించినా, కలెక్టరు ఆఫీసులో ముద్ర పడ్డ ఆ అంకె మాత్రం పెరగదు.