ఎఫ్‌ఐఆర్ కట్టారా?

1861 అక్టోబరు 18న ఢిల్లీ సబ్జీమండీ ఠాణాకు కట్రా శీష్‌మహల్ వాసి ఒకాయన వచ్చి, ఇంట్లో దొంగలు పడ్డారని మొరపెట్టుకున్నాడు. పోయినవి మూడు పెద్ద డేగిసాలు, మూడు చిన్నవి, ఓ గిన్నె, ఓ హుక్కా, ఆడవాళ్ల బట్టలు. అంతా కలిపి 45 అణాల సొత్తు. ఉర్దూలో రాసిన ఆ ఫిర్యాదును ఢిల్లీ పోలీసులు తొలినాటి ఎఫ్‌ఐఆర్‌గా భద్రపరిచారు. మూడు రూపాయలు కూడా చేయని సొత్తుకు కేసు కట్టారన్నమాట!

1857 తిరుగుబాటు అణిగాక తెల్లదొరలు 1861లో పోలీసు చట్టాన్ని, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ను తెచ్చారు. ఆ కోడ్‌ను స్వతంత్ర భారతం 1973లో తిరగరాసినా ఫిర్యాదు పద్ధతి పెద్దగా మారలేదు. నోటిమాటగా చెప్పినా స్టేషన్‌లో రాసుకోవాలి, చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి.

వెంటనే రాసుకోవాలని ఎందుకింత పట్టుదల? పొద్దు గడిచేకొద్దీ కథలో కొత్త పేర్లు చేరతాయి. తమిళనాడు హత్య కేసొకదానిలో స్టేషన్ రెండు మైళ్ల దూరంలోనే ఉన్నా ఫిర్యాదు 20 గంటలు దాటాక అందింది. మిగతా సాక్ష్యమూ నిలవక, 1972లో సుప్రీంకోర్టు నిందితుణ్ని వదిలేసింది.

ఆలస్యం ఎప్పుడూ బాధితులదే కాదు. ‘మా పరిధి కాదు’, ‘రేపు రండి’ అనే మాటలు తెలియనిదెవరికి? కూతుర్ని ఎత్తుకెళ్లారని మొత్తుకున్నా ఉత్తరప్రదేశ్ పోలీసులు కదలకపోవడంతో ఒక తండ్రి కోర్టుకెక్కాడు. అదే లలితా కుమారి కేసు. వారంటు లేకుండా అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరమని తెలిస్తే కేసు కట్టి తీరాల్సిందేనని 2013 నవంబరు 12న అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వగలిగే జీరో ఎఫ్‌ఐఆర్ కూడా ఆ ఏడాదే ప్రచారంలోకి వచ్చింది.

అయినా 2019లో శంషాబాద్ ‘దిశ’ హత్యాచార ఘటన రాత్రి, కూతురు కనబడటంలేదని వెళ్లిన కుటుంబాన్ని పరిధి పేరుతో తిప్పారు. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు.

1973 కోడ్ స్థానంలో 2024 జులై 1న అమల్లోకొచ్చిన కొత్త చట్టం 173వ సెక్షన్‌లో పరిధి గొడవను తీసేసింది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసి మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టొచ్చు. అయితే మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే నేరాలకు, డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలిచ్చింది. ‘రేపు రండి’ అనేవాళ్లకు ఇది దొడ్డిదారే. కానీ 2025 మార్చిలో, ఓ ఎంపీ పెట్టిన కవిత మీద గుజరాత్ పోలీసులు కట్టిన కేసును కొట్టేస్తూ, ముందు ఆ విచారణ జరపాల్సిందని సుప్రీంకోర్టే తప్పుపట్టింది.